కంపెనీ వచ్చింది కాగితంతోనే

మన సభల్లో, ధర్నాల్లో తరచుగా వినబడే మాట ఒకటుంది: "ఈస్టిండియా కంపెనీ మళ్లీ వస్తోంది." విత్తనాలు మొలవకపోయినా, భూసేకరణ నోటీసు వచ్చినా, కొనుగోలు ఒప్పందం పేరుతో రైతు నష్టపోయినా ఆ మాటే అంటాం. మాట తప్పు కాదు. కానీ ఆ కంపెనీ మన తెలుగు నేల మీద ఎట్లా కాలు పెట్టింది, బట్టలు కొనే బేరగాడు శిస్తు వసూలు చేసే దొర ఎట్లా అయ్యాడు అని అడిగితే చాలామందిమి ప్లాసీ యుద్ధం, రాబర్ట్ క్లైవ్ దగ్గర ఆగిపోతాం. అది బెంగాల్ కథ. మన కథ మనకుంది. అది మచిలీపట్నం రేవులో మొదలై హైదరాబాద్ ఖజానా దాకా వచ్చింది. ఆ కథ తెలిస్తే నినాదం ఇవ్వడంతో ఆగిపోం. మన చేతికి ఇచ్చిన కాగితాన్ని చదవడం కూడా వస్తుంది.

రేవులో దిగిన బేరగాడు

లండన్‌లో కొందరు వర్తకులు కలిసి పెట్టుకున్న కంపెనీకి 1600 డిసెంబర్ 31న ఎలిజబెత్ రాణి పట్టా ఇచ్చింది. తూర్పు దేశాలతో వ్యాపారం చేసే హక్కు ఇంగ్లండ్‌లో ఆ కంపెనీకి తప్ప ఇంకెవరికీ లేదని దాని సారాంశం. అంటే మొదటి రోజు నుంచే అది పోటీ లేని వ్యాపారం. 1611లో గ్లోబ్ అనే ఓడ మీద కంపెనీ మనుషులు మచిలీపట్నం చేరారు. అప్పటికే 1605 నుంచి డచ్చి వాళ్లు అక్కడ ఉన్నారు. డచ్చి వాళ్లు తర్వాత లోపలికి ఇప్పటి ఖమ్మం జిల్లా నాగులవంచ దాకా వచ్చి నీలిమందు, బట్టలు కొన్నారు.

మచిలీపట్నం అప్పుడు గోల్కొండ రాజ్యానికి పెద్ద రేవు. మా మైలార్‌దేవ్‌పల్లికి గోల్కొండ కోట పెద్ద దూరమేమీ కాదు. ఆ కోటలోని కుతుబ్ షాహీ రాజులే కంపెనీకి వ్యాపారం చేసుకోనిచ్చారు. 1632లో అబ్దుల్లా కుతుబ్ షా ఒక ఫర్మానా ఇచ్చాడు. ఏటా 500 వరహాలు కడితే చాలు, రాజ్యంలోని రేవుల్లో సుంకాల బాధ లేకుండా వ్యాపారం చేసుకోవచ్చు. దానికి 'బంగారు ఫర్మానా' అని పేరు. మామూలు వర్తకుడు సుంకం కట్టాలి, కంపెనీకి మాత్రం గుత్తగా కొంత కడితే సరి. ఇప్పటి మాటల్లో చెప్తే అది పన్ను రాయితీ. ఊళ్లో చిన్న వ్యాపారి జీఎస్టీ కడుతుంటే పెద్ద కంపెనీకి ఏండ్ల తరబడి మినహాయింపులు ఇచ్చే పద్ధతి కొత్తది కాదు. నాలుగు వందల ఏండ్ల కిందటే మన గడ్డ మీద ఉంది.

ఈ దశలో కంపెనీ ఎవరి మీదా యుద్ధం చేయలేదు. రాజుకు దండం పెట్టి, నజరానాలు ఇచ్చి, కాగితం రాయించుకుంది. ఇది గుర్తుపెట్టుకోవాలి.

అడ్వాన్సు ఇచ్చి మగ్గాన్ని కట్టేశారు

కంపెనీకి కావాల్సింది బట్ట. కృష్ణా గోదావరి తీరంలో నేసిన బట్టకు, అద్దకం చేసిన కలంకారీకి తూర్పు దీవుల్లోనూ యూరప్‌లోనూ గిరాకీ ఉండేది. నర్సాపురం దగ్గరి మాధవాయిపాలెంలో, యానాం దగ్గరి ఇంజరంలో కంపెనీ కోఠీలు పెట్టింది. మాధవాయిపాలెం పేరును తెల్లవాళ్లు 'మదపొల్లం' అని పలికారు. చివరికి అది ఇంగ్లీషులో ఒక రకం బట్టకే పేరైపోయింది. ఊరి పేరు లోకమంతా తిరిగింది. నేసిన సాలెవాడి బతుకు మాత్రం అక్కడే మిగిలిపోయింది.

ఎట్లా అంటే, కంపెనీ నేతగాడికి ముందుగా డబ్బు ఇచ్చేది. నూలు కొనుక్కోవడానికి, ఇల్లు గడవడానికి ఆ డబ్బు అవసరం. ఒకసారి తీసుకున్నాక బట్ట ఇంకొకరికి అమ్మకూడదు. ధర కంపెనీదే, నాణ్యత తేల్చేది కూడా కంపెనీ మనిషే. పనికిరాదని పక్కన పడేసిన బట్ట డబ్బు నేతగాడి అప్పుగా మిగిలేది. గడువుకు ఇవ్వకపోతే గుమ్మం ముందు బంట్రోతును కూర్చోబెట్టేవాళ్లు, వాడి బత్తెం కూడా నేతగాడి నెత్తినే. ఈ బేరం నడిపింది తెల్లవాళ్లు ఒక్కరే కాదు. మధ్యలో మన దుబాసీలు, మన షావుకార్లు ఉన్నారు.

తర్వాత ఇంగ్లండ్‌లో మిల్లులు వచ్చాయి. 1813లో ఇండియా వ్యాపారంలో కంపెనీ గుత్తాధిపత్యాన్ని బ్రిటిష్ పార్లమెంటు తీసేసింది. మిల్లు గుడ్డ మన మార్కెట్లో పడింది, కంపెనీ మన బట్ట కొనడం మానేసింది. రెండు తరాలు ఒకే కొనుగోలుదారుకు నేసిన నేతగాడికి ఇంకో దారి లేకుండా పోయింది. వాళ్లలో చాలామంది భూమి మీద పడి కూలీలయ్యారు.

బేరగాడే శిస్తు దొర

18వ శతాబ్దం నడుమ హైదరాబాద్ నిజాం వారసుల మధ్య కొట్లాట వచ్చింది. ఫ్రెంచివాళ్లు ఒకరి పక్షం, ఇంగ్లీషువాళ్లు ఒకరి పక్షం. సైన్యం సాయం చేసినందుకు ఫ్రెంచి సేనాని బుస్సీ 1753లో ఉత్తర సర్కార్లను రాయించుకున్నాడు. అంటే శ్రీకాకుళం నుంచి కృష్ణ దాకా ఉన్న కోస్తా. 1758 డిసెంబర్‌లో చందుర్తి దగ్గర ఇంగ్లీషువాళ్లు విజయనగరం రాజుతో కలిసి ఫ్రెంచి సైన్యాన్ని ఓడించారు. 1759లో మచిలీపట్నం కోట పట్టుకున్నారు.

ఆ తర్వాత మళ్లీ కాగితమే. 1765లో ఢిల్లీ బాదుషా షా ఆలం దగ్గర సర్కార్ల మీద ఫర్మానా సంపాదించారు. 1766లో నిజాం అలీతో ఒప్పందం చేసుకుని, ఏటా 9 లక్షల రూపాయలు ఇస్తామని ఒప్పుకున్నారు. దుబాసీ కాండ్రేగుల జోగిపంతులు ఈ వ్యవహారాల్లో కంపెనీకి మధ్యవర్తిగా పనిచేశాడు. జిల్లాలకు జిల్లాలు చేతులు మారాయి. ఆ భూమిని దున్నే ఒక్క రైతును కూడా ఎవరూ అడగలేదు. గుంటూరు 1788లో కంపెనీ చేతికి వచ్చింది.

కంపెనీ పేష్కష్ బాకీ పడ్డవాళ్ల మీద సైన్యాన్ని పంపింది. చందుర్తిలో తమకు సాయం చేసిన విజయనగరం రాజవంశాన్ని కూడా వదల్లేదు. 1794 జూలైలో పద్మనాభం దగ్గర కంపెనీ సైన్యం చేతిలో విజయరామరాజు చనిపోయాడు. సాయం చేశామన్న లెక్క కంపెనీ ఖాతాలో ఉండదు, బాకీ ఒక్కటే ఉంటుంది.

1802లో మద్రాసు ప్రభుత్వం శాశ్వత శిస్తు పద్ధతి తెచ్చింది. జమీందారును భూమికి యజమానిగా రాసింది. జమీందార్లు లేని హవేలీ భూములను ముఠాలుగా చేసి వేలం పాడించింది. తరతరాలుగా దున్నుతున్న రైతు పేరు ఆ సనదులో లేదు. కంపెనీకి కావాల్సింది గడువు తేదీకి కచ్చితంగా వచ్చే డబ్బు. దానికి ఒక్క జమీందారు పేరు చాలు, లక్ష మంది రైతుల పేర్లు ఎందుకు?

ఆ ఒక్క గడిలో పేరు రాయకపోవడం వల్ల ఎంత నష్టం జరిగిందో చూడండి. జమీందారీ రైతుకు సాగు హక్కు ఉందని చట్టం స్పష్టంగా ఒప్పుకున్నది 1908లో, మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టంతో. అంటే 106 ఏండ్లు. జమీందారీల రద్దు 1948లో. ఆ మధ్యలో మునగాల, చల్లపల్లి పోరాటాలు, 1937లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసుకు బయలుదేరిన రైతు రక్షణ యాత్ర, ఎన్నో అరెస్టులు, ఎన్నో కేసులు. ఒక తరం కాగితంలో పోగొట్టుకున్నదాన్ని తెచ్చుకోవడానికి నాలుగైదు తరాలు కొట్లాడాల్సి వచ్చింది.

రాయలసీమలో ఇంకో రకం. 1800లో నిజాం కంపెనీ సైన్యం ఖర్చు కింద కడప, బళ్లారి ప్రాంతాలను రాసిచ్చాడు. అందుకే వాటికి దత్తమండలం అని పేరు వచ్చింది. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పొలాలు కొలిపించి, జమీందారు లేకుండా రైతుతోనే నేరుగా శిస్తు కట్టించే రైత్వారీ తెచ్చాడు. మన్రో మీద సీమలో గౌరవం ఉంది, ఆయన పేరు పిల్లలకు పెట్టుకున్నారు. రైతు పేరు కాగితం మీదికి ఎక్కడం మేలే. కానీ శిస్తు ఎంత బరువుగా ఉందంటే, నాలుగో వంతు తగ్గించాలని 1807లో మన్రోనే సిఫారసు చేశాడు. పైవాళ్లు అప్పుడు వినలేదు. కాగితంలో పేరు ఉండాలి, ఆ పేరు పక్కన రాసే అంకె కూడా న్యాయంగా ఉండాలి. రెండూ కావాలి.

హైదరాబాద్ ఖజానాకు రెండు రూపాయల వడ్డీ

"మన తెలంగాణలో కంపెనీ పాలన లేదు కదా, నిజాం పాలన కదా" అని కొందరంటారు. పాలన లేదు నిజమే. భారం మాత్రం పడింది. 1798 ఒప్పందంతో కంపెనీ సైన్యాన్ని నిజాం తన ఖర్చుతో పోషించాల్సి వచ్చింది. అది చాలక రెసిడెంట్ దొర సలహాతో ఇంకో సైన్యం తయారైంది. ఆ జీతాలకు డబ్బు కావాలి. అప్పు ఇవ్వడానికి హైదరాబాద్‌లోనే ఒక దుకాణం సిద్ధంగా ఉంది. దాని పేరు విలియం పామర్ అండ్ కంపెనీ.

ఇంగ్లీషు మనుషులు మన దేశపు రాజులకు అప్పులివ్వకూడదని 1797లో బ్రిటిష్ చట్టం ఉంది. 1816లో గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ ఈ దుకాణానికి మినహాయింపు ఇచ్చాడు. దుకాణంలో వాటాదారైన రంబోల్డ్, హేస్టింగ్స్ ఇంట్లో పెరిగిన అమ్మాయికి భర్త. వడ్డీ ఏడాదికి దాదాపు నూటికి 24, అంటే మన లెక్కలో రెండు రూపాయల వడ్డీ. 1820లో ఒకేసారి 60 లక్షల అప్పు రాయించారు. దీవాన్‌గిరీ నడిపిన రాజా చందూలాల్ ఆ వడ్డీ కట్టడానికి ఏం చేశాడు? తాలూకాలను గుత్తకు ఇచ్చాడు. గుత్తేదారు ముందుగా డబ్బు కట్టి, పోయిన దానికి రెండింతలు రైతుల దగ్గర గుంజేవాడు. ఊళ్లు విడిచి రైతులు వలస పోయారు.

1820లో రెసిడెంటుగా వచ్చిన మెట్‌కాఫ్ ఈ దుకాణం లెక్కలు బయటపెట్టాడు. అప్పు తీర్చే మార్గం ఏం చూపించారో తెలుసా? ఉత్తర సర్కార్ల కోసం కంపెనీ ఏటా నిజాంకు కట్టాల్సిన పేష్కష్ ఉంది కదా, 1823లో ఆ హక్కునే నిజాం శాశ్వతంగా వదులుకునేటట్టు చేసి, దాని బదులు వచ్చిన డబ్బుతో పామర్ అప్పు తీర్పించారు. సర్కార్లు కంపెనీకి మిగిలాయి, వడ్డీ వ్యాపారికి డబ్బు ముట్టింది. మన పాలమూరు, నల్లగొండ, మెదక్ రైతుకు మిగిలింది గుత్తేదారు. 1853లో సైన్యం బాకీ కిందనే బీరార్‌ను కూడా కంపెనీ తీసుకుంది. ఒక్క తుపాకీ గుండు పేల్చకుండా.

అప్పు ఇచ్చినవాడు ఒకడు, తీసుకున్నవాడు ఒకడు, కట్టినవాడు రైతు. ప్రభుత్వాలు కార్పొరేషన్ల పేరుతో వేల కోట్ల అప్పులు చేసి, భూములు అమ్మి తీరుస్తున్న ఈ రోజుల్లో ఈ పామర్ దుకాణం కథ మన పిల్లలకు పాఠంగా చెప్పాలి.

కరువులో శిస్తు, శిస్తు కోసం చిత్రహింస

1832-33లో గుంటూరు జిల్లాలో నందన కరువు వచ్చింది. సుమారు 5 లక్షల జనాభాలో లక్షన్నర నుంచి 2 లక్షల మంది దాకా చనిపోయారు. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. శిస్తు ఆదాయం పడిపోయాక గానీ మద్రాసు ప్రభుత్వానికి సాగునీరు గుర్తుకు రాలేదు. ఆర్థర్ కాటన్ పట్టుబట్టి ధవళేశ్వరం ఆనకట్టను 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేశాడు. కాటన్‌ను గోదావరి జనం దండలేసి తలుచుకుంటారు, అందులో తప్పు లేదు. కానీ ఆ కాటన్ కూడా పైవాళ్లను ఒప్పించడానికి, నీళ్లిస్తే శిస్తు పెరుగుతుందని లెక్క చూపించాల్సి వచ్చింది. మచిలీపట్నంలో దిగిన 236 ఏండ్లకు ఆ ఆనకట్ట పని మొదలైంది. కంపెనీ మేలు చేసిందని చెప్పేవాళ్లు ఈ లెక్క కూడా చెప్పాలి.

శిస్తు కట్టలేని రైతును మండుటెండలో వంగోబెట్టి వీపు మీద బండ పెట్టడం, వేళ్లను కొయ్య పట్టుల్లో బిగించడం వసూళ్లలో మామూలుగా జరిగేవి. మద్రాసులో గాజుల లక్ష్మీనరసు శెట్టి అనే తెలుగు వర్తకుడు ఈ సంగతి బ్రిటిష్ పార్లమెంటు దాకా తీసుకెళ్లాడు. దాంతో వేసిన విచారణ కమిషన్ 1855లో నివేదిక ఇచ్చింది. చిత్రహింసలు నిజమేనని ఒప్పుకుంది. తప్పు మాత్రం కింది స్థాయి నేటివు ఉద్యోగులదేనని, తెల్ల దొరలది కాదని తేల్చింది. టార్గెట్ పెట్టినవాడు మంచివాడు, వసూలుకు వచ్చినవాడు చెడ్డవాడు! మైక్రోఫైనాన్స్ ఏజెంటు ఇంటి ముందు కూర్చుని పరువు తీసినప్పుడు కూడా ఇదే తీర్పు వింటున్నాం.

కంపెనీ పోయినా లాభం పోలేదు

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. 1833లో బ్రిటిష్ పార్లమెంటు కంపెనీ వ్యాపారాన్ని మొత్తంగా మూసేయించింది. అప్పటి నుంచి అది కేవలం పన్ను వసూలు చేసే సంస్థ. మరి వాటాదార్ల సంగతి? ఏటా నూటికి పదిన్నర చొప్పున 6,30,000 పౌన్ల లాభం వాళ్లకు ఇవ్వాలని, అది ఇండియా ఆదాయం నుంచే కట్టాలని చట్టంలో రాశారు. ఆ ఆదాయంలో పెద్ద వాటా భూమిశిస్తుదే. 1858లో పాలన రాణి చేతికి పోయింది. అయినా ఆ చెల్లింపు ఆగలేదు. 1874లో కంపెనీని రద్దు చేసేటప్పుడు నూరు పౌన్ల వాటాకు 200 పౌన్ల చొప్పున ముట్టజెప్పారు. వ్యాపారం లేదు, పాలన లేదు, లాభం మాత్రం ఉంది. దాన్ని నందన కరువులో బతికి బయటపడ్డ గుంటూరు రైతు, దత్తమండలం రైతు, బెంగాల్ రైతు కలిసి కట్టారు.

ఇప్పుడు మనం చూడాల్సింది

నేటి కంపెనీలకు సొంత సైన్యం లేదు, సొంత నాణెం లేదు. రెండూ ఒకటే అని గుడ్డిగా అంటే ఎదుటివాడు సులువుగా కొట్టేస్తాడు. పద్ధతి ఎక్కడ కలుస్తుందో చూపిస్తే కొట్టేయలేడు.

ఒకటి, ఒప్పందం. పెట్టుబడి ముందే ఇచ్చి, ఇంకొకరికి అమ్మొద్దని, నాణ్యత తామే తేలుస్తామని రాస్తే అది మాధవాయిపాలెం కాగితమే. 2020లో తెచ్చిన కాంట్రాక్టు సేద్యం చట్టంలో తగాదా వస్తే సివిల్ కోర్టుకు పోకూడదు, ఆర్డీవో స్థాయి అధికారి దగ్గరికే పోవాలని రాశారు. ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాది పాటు రైతులు కూర్చున్నాక 2021 నవంబర్‌లో ఆ మూడు చట్టాలు రద్దయ్యాయి. చట్టం రద్దయినా విత్తనోత్పత్తిలో, కోళ్ల పెంపకంలో ఆ రకం కాగితాలు నడుస్తూనే ఉన్నాయి. పంట తప్పితే నష్టం ఎవరిది అనే వాక్యం లేని ఒప్పందం మీద సంతకం పెట్టొద్దు.

రెండు, భూసేకరణ. మా వైపు మైలార్‌దేవ్‌పల్లి, గగన్‌పహాడ్, శంషాబాద్ దారిలో ఒకప్పుడు ద్రాక్ష తోటలు, కూరగాయల మడులు ఉండేవి. 2008లో మొదలైన విమానాశ్రయానికే సుమారు 5,500 ఎకరాలు పోయాయి. ఆ చుట్టుపక్కల రియల్ ఎస్టేట్ ఎంత మింగిందో లెక్కే లేదు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం ప్రైవేటు కంపెనీ కోసమైతే 80 శాతం, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం మంది ఒప్పుకోవాలి. అంతకన్నా ముఖ్యం, మూడేండ్లుగా ఆ భూమి మీద బతుకుతున్న కౌలు రైతు, కూలీ కుటుంబం కూడా బాధిత కుటుంబమే అని ఆ చట్టం చెప్పింది.

మూడోది ఇక్కడే ఉంది, పేరు. కౌలుదారు బాధితుడే అని చట్టం అంటుంది. కౌలుదారునని రుజువు చూపించే కాగితం ఏది? పాత పహాణీలో కాస్తు కాలం ఉండేది. ఎవరు పట్టాదారు, ఎవరు సాగుదారు అని రెండూ రాసేవాళ్లు. భూ రికార్డుల ప్రక్షాళన, 2020 చట్టం, ధరణి వచ్చాక కొత్త పాసు పుస్తకంలో ఆ కాలమే పోయింది. 2018లో మొదలైన రైతుబంధు పట్టాదారుకే వచ్చింది, దున్నేవాడికి రాలేదు. 38-ఈ సర్టిఫికెట్ చేతిలో ఉన్న రక్షిత కౌలుదారు వారసులు ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు. 2011 కౌలు చట్టం ప్రకారం ఇవ్వాల్సిన రుణ అర్హత కార్డులు అటకెక్కాయి. తప్పులు సరిచేస్తామని 2025లో భూ భారతి చట్టం వచ్చింది. చట్టానికి ఏ పేరు పెట్టారన్నది మనకు ముఖ్యం కాదు. దానిలో దున్నేవాడి పేరు ఉందా లేదా అన్నదే ముఖ్యం. 1802లో ఒక గడి ఖాళీగా వదిలినందుకు 1908 దాకా ఏం జరిగిందో పైన చూశాం.

కాబట్టి గ్రామ కమిటీలు ఈ నెలలోనే మూడు పనులు పెట్టుకోవాలి. ఊళ్లో కౌలుకు చేస్తున్న ప్రతి కుటుంబం పేరు, సర్వే నంబరు, ఎన్నేండ్లుగా కాస్తులో ఉన్నారో రాసి, గ్రామసభలో చదివి, తీర్మానం చేయించి తహసీల్దారుకు ఇవ్వాలి, రసీదు తీసుకోవాలి. కంపెనీలతో చేసుకున్న ఒప్పంద పత్రాల నకళ్లు సంఘం దగ్గర జమ చేయాలి, తెలుగులో లేని పత్రాన్ని చదివించుకోవాలి. రుణ అర్హత కార్డులకు దరఖాస్తులు సామూహికంగా పెట్టాలి. భూమి ఇస్తున్న పట్టాదారు రైతులు కూడా దీనికి కలిసి రావాలి. కౌలుదారు పేరు రాస్తే భూమి పోతుందన్న భయం కొందరిలో ఉంది. కౌలు కార్డుతో యాజమాన్య హక్కు రాదని చట్టమే చెప్పింది, ఆ సంగతి వాళ్లకు కూర్చోబెట్టి చెప్పాలి.

గోల్కొండ నవాబుకు, నిజాంకు, విజయనగరం రాజుకు కంపెనీ కాగితం ఇచ్చినప్పుడు వాళ్ల పక్కన చదివి చెప్పేవాళ్లు లేరా? ఉన్నారు. కానీ వాళ్లు దుబాసీలు, ఇద్దరి దగ్గరా కమీషన్ తీసుకునేవాళ్లు. రైతుకు కాగితం చదివి చెప్పే మనిషి రైతు సంఘం మనిషే కావాలి. మన సంఘం ఉన్నది అందుకే.